చెంచయ్యగారి క్రీస్తుదర్శనము: ఒక విమర్శ

భాగ్యనగరమునకు ఉత్తరమున గండిమైసమ్మ యను కూడలి కలదు. త్రోవప్రక్కనున్న మైసమ్మ గుడియే ఆ చోటికి పేరిచ్చినది. క్రొత్తబండి కొన్నవారు అచ్చట టెంకాయ కొట్టి గాని ముందునకు సాగరు. బోనాల దినములలో స్త్రీలు తలలపై కుండలతో వచ్చి అమ్మవారికి నైవేద్యము సమర్పింతురు. ఆ కూడలినుండి వాయవ్యముగా పోవు త్రోవ నర్సాపూరు మీదుగా మెదకునకు చేరును. మెదకులో 1924వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠింపబడిన క్రైస్తవ మహాదేవాలయము 175 అడుగుల గోపురముతో నిలిచియున్నది. చార్లెస్ వాకర్ పాస్నెట్ అను ఆంగ్లేయ బోధకుని పూనికవలన, ఆంగ్లదేశపు శిల్పులు గీసిన చిత్తరువు ననుసరించి, తెలుగు కూలీల చేతులతో అది లేచినది. కరవుకాలమున ఆ పనివలన పెక్కు పేదకుటుంబములకు కూడు దొరకినదని నేటికిని ఆ ప్రాంతమున చెప్పుకొందురు.

క్రిస్మసు పండుగనాడు ఈ కూడలి మీదుగా మెదకునకు పోవు తెలుగు క్రైస్తవ కుటుంబములను చూచినప్పుడు ఒక ప్రశ్న తోచును. వీరిలో పెక్కుమంది తాతముత్తాతలు మైసమ్మకు, పోచమ్మకు మ్రొక్కినవారు. క్రీస్తును స్వీకరించునపుడు వారు ఈ దేశపు సొత్తులో దేనిని విడిచిరి? దేనిని వెంట గొనిపోయిరి? విడువవలసినదెంత, ఉంచుకొనదగినదెంత? ఈ ప్రశ్నను పండితసభలో ధైర్యముతో లేవనెత్తిన తెలుగువాడొకరు కలరు. ఆయన పేరు పాండిపెద్ది చెంచయ్య. నేడు ఆయన పేరు హిందువులకు తెలియదు. క్రైస్తవులలోనైనను వేదాంత కళాశాలల గోడలు దాటి వినబడదు. ఆయన జీవితమును, ఆలోచనను పరిశీలించి, అందలి బలమెంతయో, లోపమెచ్చటనో నిర్ణయింప యత్నించుట ఈ వ్యాసోద్దేశము.

హిందూ గృహస్థునకు క్రైస్తవ వేదాంతితో నేమి పని యని కొందఱడుగవచ్చును. సంస్కరణోద్యమ చరిత్ర నెఱిగినవారు ఈ ప్రశ్న వేయరు. రాజా రామమోహనరాయలు 1820లో క్రీస్తు నీతిబోధలను వేఱుగా కూర్చి ప్రకటించిరి. దానిపై మిషనరీలకును ఆయనకును సాగిన వాదమునుండియే మనదేశమున ఆధునిక మతవిచారమునకు ఒక పాయ పుట్టినది. మన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు (1862–1939) మదరాసు క్రైస్తవ కళాశాలలో విలియం మిల్లరు దొర శిష్యులు. వారు క్రీస్తును గౌరవించియు క్రైస్తవులు గాక బ్రహ్మసమాజమున నిలిచిరి. అదే కళాశాలలో చదివిన చెంచయ్యగారు క్రైస్తవులై యుండియు హిందువుల యాస్తిని విడువనొల్లరైరి. ఇద్దఱును ఒకే బడిలో నేర్చి చెఱియొక త్రోవ పట్టిరి. ఒకరిని మనము స్మరించి మఱియొకరిని మఱచుట న్యాయము కాదు.

చెంచయ్యగారు 1886లో నెల్లూరి హిందూకుటుంబమున జన్మించిరి. 1901లో తండ్రి ఆదినారాయణయ్యగారితో గూడ బాప్తిస్మము పొందిరి. అప్పటి కాయనకు వయస్సు పదునైదేండ్లకు మించదు. ఇంటి ఆచారము మాఱుటను ఆయన పసితనమునందు గాక తెలివి వచ్చిన పిదప కన్నులార చూచినవారు. మదరాసున తత్త్వశాస్త్రమున పట్టమునొంది, న్యాయశాస్త్రమభ్యసించి, న్యాయవాదియై, పుదుక్కోట సంస్థానమున ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిరి. 1959లో కీర్తిశేషులైరి. ఆయన పాదిరి కారు, మిషను జీతగాడు కారు, వేదాంత కళాశాలలో ఆచార్యులు కారు. ఉదరపోషణకు సంఘముమీద ఆధారపడనివారగుటచే, సంఘమును గూర్చి తమకు తోచినదానిని నిర్భయముగా పలుకగలిగిరి.

ఆయన బావమరది వెంగల్ చక్కరై (1880–1958) తమిళుడు, న్యాయవాది, పిమ్మట కార్మికనాయకుడు, 1941లో మదరాసు నగరపు మేయరు. ఆయనయు హిందూమతమునుండి వచ్చినవారే. చక్కరై క్రీస్తును ‘అవతారము’ అను మాటతో వివరించి గ్రంథము వ్రాసిరి. ఈ బంధువు లిరువురును, వారి మిత్రులును కలిసి మదరాసున నడపిన చర్చలనుండి ఒక గోష్ఠి యేర్పడెను. భారతీయ క్రైస్తవుడు పాశ్చాత్యుల మనస్సుతో గాక తన మనస్సుతో క్రీస్తును చూడవలయుననుట వారి సంకల్పము.

1938 డిసెంబరులో మదరాసుకు సమీపమున తాంబరమున ప్రపంచదేశముల మిషనరీల మహాసభ జరిగెను. ఆ సభకు పాఠ్యముగా హెండ్రిక్ క్రేమర్ అను డచ్చి పండితుడు ఒక బృహద్గ్రంథము వ్రాసెను. దేవుడు క్రీస్తునందు తన్ను తాను వెల్లడించుకొనుట యొక యెత్తు. మానవులు కట్టుకొన్న మతములన్నియు మఱియొక యెత్తు. ఈ రెంటికి నడుమ మెట్లు లేవు, అగాధమే కలదనుట ఆయన సిద్ధాంతము. క్రేమరునకు అన్యాయము చేయరాదు. ఆచారరూపమైన క్రైస్తవమును సైతము ఆయన మానవనిర్మితములలో చేర్చి విమర్శించెను. ఐనను ఆ సిద్ధాంతము భారతీయ క్రైస్తవుని చెవికెట్లు వినబడును? నీ తాత చేసిన ధ్యానము, నీ తల్లి పాడిన పాట, నీ యూరి సాధువు పడిన తపన, ఇవి యేవియు క్రీస్తువైపు నొక యడుగైనను వేయలేదని చెప్పినట్లు వినబడును.

దీనికి ప్రత్యుత్తరముగా చెంచయ్య, చక్కరై మొదలగువారు ఆ సంవత్సరమే ‘రీథింకింగ్ క్రిస్టియానిటీ ఇన్ ఇండియా’ అను వ్యాససంపుటమును ప్రకటించిరి. భారతదేశమున క్రైస్తవమును గూర్చి పునర్విచారము చేయవలయుననుట ఆ పేరునకు తాత్పర్యము. అందు క్రేమరు గ్రంథముపై చెంచయ్యగారి దీర్ఘవిమర్శ కలదు. ప్రపంచపు పండితులు కూడిన సభకు ఎదురుగా, గృహస్థులైన కొందఱు దేశీయులు తమ పేరుతో సమాధానము చెప్పుట ఆనాటికి చిన్నపని కాదు.

ఇక ఆయన దర్శనమును చూతము. పాశ్చాత్య సంఘమున చిరకాలముగా బలపడిన రక్షణవాదము న్యాయస్థానపు పోలికమీద నిలిచినది. మనుజుడు నేరస్థుడు, దేవుడు న్యాయాధిపతి, శిక్షను క్రీస్తు తనపై వేసికొనెను, నమ్మినవాడు విముక్తుడు. చెంచయ్యగారు ఈ చట్రమును ప్రక్కకు నెట్టిరి. తీర్పు చెప్పుటయే వృత్తిగా గల మనుష్యుడు, దేవునియందు తీర్పరిని గాక సృష్టికర్తను వెదకుట గమనింపదగినది. తీర్పువలన నేరము కొట్టివేయబడునే కాని మనుష్యుడు మాఱడని న్యాయమూర్తికంటె బాగుగా నెఱిగినవాడెవడు? విడుదలైన దొంగ మరల దొంగయై వచ్చుటను న్యాయస్థానము నిత్యము చూచుచుండును. కావున రక్షణ యనగా తీర్పు కాదు, పుట్టుక యని ఆయన సిద్ధాంతీకరించిరి.

జడమునుండి ప్రాణము, ప్రాణమునుండి మనస్సు పుట్టినట్లు, మానవునినుండి మానవాతీతమైన మఱియొక జాతి పుట్టవలసియున్నదనియు, ఆ జాతికి ఆదిపురుషుడు యేసు అనియు ఆయన భావన. యేసు పుట్టుటతో సృష్టిలో మునుపు లేని క్రొత్తవస్తువు ప్రవేశించినది. ఆయన వచ్చి పోయిన దేవుడు కాడు; కేవలము మంచి మనుష్యుడును కాడు. దేవత్వము మానవత్వము కలిసి యేర్పడిన నూతనసృష్టి. ఆ క్రొత్తప్రాణమును తక్కినవారిలోనికి ప్రవహింపజేయు శక్తి పరిశుద్ధాత్మ. కనుక క్రైస్తవుడు చేయవలసినది క్రీస్తును గూర్చిన సిద్ధాంతములను వల్లించుట కాదు, ఆ శక్తిని తనయందు వహించి క్రీస్తువంటివాడగుట. దీనిని ఆయన ఆత్మయోగమని భావించిరి.

ఈ భావమునకు ఊతమెచ్చట దొరకినదో ఆయన దాచలేదు. కుంభకోణమున మాస్టరు సి.వి.వి. (1868–1922) 1910లో ప్రారంభించిన యోగమార్గము ఆయనను మిక్కిలి ఆకర్షించినది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారి రచనలు చదివినవారికి ఆ గురువు పేరు క్రొత్త కాదు. శాస్త్రిగారును ఆ యోగమున సాధకులే. శరీరమునుగూడ మార్చి మానవుని క్రొత్తవానిగా చేయవచ్చునను ఆ యోగుల యాశయు, శ్రీ అరవిందుల పరిణామవాదమును, క్రీస్తు పునరుత్థానమునందు తాము చూచిన దానికి చేరువైనవిగా చెంచయ్యగారికి తోచినవి. ఒకే కాలమున ఒకే యోగము ఒక తెలుగు పండితుని తాళపత్రములనడుమను, ఒక తెలుగు న్యాయమూర్తిని సువార్తనడుమను ఆకర్షించుట మన సాహిత్యచరిత్రకారులు తలచుకొనదగిన విషయము.

ఈ దర్శనమునుండి మూడు ఫలితములు వచ్చినవి. మొదటిది: సంఘము, విధులు, విశ్వాసప్రమాణములు ముఖ్యములు కావు, అవి క్రీస్తుచుట్టు పేరుకొన్న పాశ్చాత్య చరిత్ర. దేవుని రాజ్యమును ప్రకటింపవచ్చిన మతము సంఘనిర్మాణమున చిక్కుకొని త్రోవ తప్పెనని ఆయన యభిప్రాయము. రెండవది: యూదులకు పాతనిబంధన యెట్లో, హిందువునకు తన ప్రాచీనగ్రంథము లట్లే క్రీస్తును గ్రహించుటకు సిద్ధపఱుపగలవు. మూడవది: క్రీస్తును చేరినవాడు హిందూసంప్రదాయమును శత్రువుగా చూడ నక్కఱలేదు, అది తనను కన్నతల్లి.

ఇందలి గుణములు మొదట చెప్పుదము. తనకు లభించిన మతమును పరుల పాఠముగా అప్పగించుట చెంచయ్యగారికి గిట్టదు. క్రొత్త విశ్వాసమున ప్రవేశించినవాడు తన బుద్ధిని గడపవెలుపల విడిచి రావలయునని ఏ మతము శాసించినను, ఆ శాసనమును ధిక్కరించుట సంస్కర్త లక్షణము. మఱియు, ఆయన ప్రశ్న పండితులకు మాత్రమే సంబంధించినది కాదు. అది ఇంటిలోని ప్రశ్న. ఈనాటికిని తెలుగు క్రైస్తవ కుటుంబములలో కొందఱు స్త్రీలు బొట్టు పెట్టుకొని పువ్వులు ముడుచుకొందురు, కొందఱు విడిచిపెట్టుదురు. కొందఱు తాళి కట్టుదురు, కొందఱు ఉంగరము మార్చుకొందురు. ఒకే యింట అత్తకు ఒక రీతి, కోడలికి మఱియొక రీతి యగుటయు కలదు. బొట్టు క్రీస్తునకు విరోధమా? కాదా? నూతనసృష్టి లోపలినుండి పుట్టవలసినదని చెప్పిన చెంచయ్యగారి మాట నంగీకరించినచో, ఈ తగవులు చాలవఱకు తేలిపోవును. మనస్సు మాఱని చోట బొట్టు తుడుచుటవలన లాభము లేదు. మాఱిన చోట ఉంచుటవలన నష్టము లేదు.

ఇంతవఱకు ఆయనతో నడువగలము. ఇక్కడినుండి నడక కఠినము.

మొదటి యాక్షేపము తర్కమునకు సంబంధించినది. జడము, ప్రాణము, మనస్సు, పిమ్మట నూతనమానవుడు అను సోపానక్రమము ఒక ఉపమానము. నైయాయికులు ఉపమానమును ప్రమాణముగా నంగీకరించిరి గదా యనవచ్చును. నిజమే; కాని దాని హద్దును సైతము వారే చెప్పిరి. గవయమును చూడని వానికి, ఆవును పోలియుండునని చెప్పినచో, వాడు అడవికి పోయి ఆ మృగమును కన్నులార చూచినపుడు గాని ఇది గవయమను జ్ఞానము కలుగదు. చెంచయ్యగారు పోలిక చెప్పిరి. అడవి యెచ్చట? నూతనమానవు డెచ్చట కనబడును? తాంబరపు సభ ముగిసిన మఱుసటియేడే, పదునేను వందల యేండ్లకు పైగా క్రీస్తు నామమును జపించిన యైరోపా రెండవ ప్రపంచయుద్ధమున పడినది. అది సంఘదోషము, క్రీస్తు దోషము కాదని ఆయన చెప్పగలరు. అట్లైనను, సంఘము వెలుపల ఆ క్రొత్తజాతి ఎచ్చట పుట్టుచున్నదో ఆయన చూపవలసియున్నది. యోగమని పేరు పెట్టిరి గాని, నిత్యము ఏమి చేయవలయునో తెలుపు సాధనక్రమమును మన చేతికి స్పష్టముగా ఈయలేదు.

రెండవ యాక్షేపము ఇంతకంటె బరువైనది. హిందూవారసత్వమును క్రైస్తవుడు విడువ నక్కఱలేదని చెప్పునపుడు, ఏ వారసత్వము? ఎవరి భాగము? న్యాయమూర్తికి దాయభాగపు ప్రకరణము తెలియనిది కాదు. ఆస్తిలో భాగమున్నవాడు విడుచుట యొకటి. భాగమే యీయబడనివానికి విడువవలదని బోధించుట మఱియొకటి. చెంచయ్యగారు తల్లియని పిలిచిన సంప్రదాయము ఉపనిషత్తులు, గీత, యోగశాస్త్రము. తెలుగుదేశపు క్రైస్తవులలో అత్యధికసంఖ్యాకులు మాలమాదిగ పల్లెలనుండి వచ్చినవారు. వారికి ఉపనిషత్తు వినిపించినవాడు లేడు. గుడి తలుపు తెఱువబడలేదు. చెంచయ్యగారి గ్రంథము వెలువడిన నాటికి తిరువాన్కూరున ఆలయప్రవేశ ప్రకటన (1936) వచ్చి రెండేండ్లే యైనది. మదరాసు రాజధాని యంతటికిని వర్తించు చట్టము 1939లో గాని రాలేదు. పల్లెవారు విడిచివచ్చినది వేదాంతమును కాదు, మైసమ్మను. ఆ మైసమ్మ చెంచయ్యగారి వారసత్వపు పట్టికలో లేదు. మెదకు త్రోవ ప్రశ్నకు పుదుక్కోట న్యాయమూర్తి తీర్పు ఇచ్చటనే చాలకపోవుచున్నది.

ఇది పుస్తకములనుండి పుట్టించిన యాక్షేపము కాదు. ఆయన పుట్టిన జిల్లాయే దీనికి సాక్ష్యము. అమెరికా బాప్తిస్టు మిషను 1840లో నెల్లూరున నిలిచినది. ఒంగోలు తాలూకా 1904 వఱకు నెల్లూరు జిల్లాలోనిదే. 1876–78 కరవున ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకమును గుత్తకు పుచ్చుకొని మాదిగలకు పని చూపెను. కూటికొఱకు మతము మార్చుకొనిరను నింద రాకుండ, కరవుకాలమున బాప్తిస్మము లీయక నిలిపివేసెను. కరవు తీఱిన పిదప 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఎనిమిదేండ్ల పిమ్మట అదే జిల్లాలో చెంచయ్యగారు జన్మించిరి.

ఆ యుద్యమమునకు మొదటి నడుపరులలో నొకడు యర్రగుంట్ల పేరయ్య యను మాదిగ. తోలుపని చేయు ఈ మనుష్యుడు క్రైస్తవుడగుటకు మునుపే రాజయోగసాధన చేసినవాడు. గురువులను సేవించి ధ్యానము నేర్చినవాడు. 1866లో క్లౌ ఒంగోలునకు వచ్చిన తొలినాళ్లలోనే ఆయనను కలిసికొని, పిమ్మట పల్లెపల్లె తిరిగి తన జనమునకు బోధించెను. ఆయన వృత్తాంతమును క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ‘చెప్పులు కుట్టుచుండగా’ అని యర్థమిచ్చు పేరు గల ఆంగ్లగ్రంథమున వ్రాసినది. యోగమునుండి క్రీస్తునొద్దకు త్రోవ కలదని చెంచయ్యగారు 1938లో సిద్ధాంతీకరించిరి. ఆ త్రోవను ఒక మాదిగ యోగి డెబ్బదియేండ్లకు ముందే కాలినడకన నడిచియుండెను. గవయ మెచ్చటనని అడిగితిమి గదా. అది ఆయన పెరటిలోనే మేయుచుండెను. ఆయన చూపు కుంభకోణము, పుదుచ్చేరివైపే సాగినది గాని, ఒంగోలు మాదిగపల్లెవైపు నిలువలేదు.

మఱియొక నిదర్శనము చూడుడు. క్రైస్తవారాధనకు భారతీయరూపము కావలయునని పండితులు వాదింపకమునుపే, పురుషోత్తమ చౌదరి (1803–1890) మన రాగతాళములతో క్రీస్తు కీర్తనలు రచించిరి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమున నేటికిని కీర్తన తలపై రాగము, తాళము అచ్చువేయబడును. అక్షరములు రాని పల్లెవారు వానిని నోటికి నేర్చి పాడిరి. దేశీయత యను వారసత్వమును వారు వాదముచే గాక గొంతుచే నిలుపుకొనిరి.

చెంచయ్యగారి గ్రంథము వెలువడిన మూడేండ్లకు, 1941లో, గుఱ్ఱము జాషువాగారి ‘గబ్బిలము’ వచ్చినది. గుడిలోనికి పోరాని పేదవాడు, గుడిలో తలక్రిందుగా వ్రేలాడు గబ్బిలముద్వారా కాశీవిశ్వేశ్వరునకు తన మొఱ పంపుట ఆ కావ్యవస్తువు. వ్రాసినది క్రైస్తవ కుటుంబమున పుట్టిన తెలుగు కవి. మొఱ వినవలసినది శివుడు. నడక కాళిదాసు మేఘసందేశమును తలపించునది. హిందూవారసత్వమును విడువని క్రైస్తవుడన్న నిట్లుండును. కాని ఆయన ఆ వారసత్వమును తల్లియొడిగా గాక, తనకు రావలసిన బాకీగా అడిగినాడు. చెంచయ్యగారి వాక్యమునందు కృతజ్ఞత కలదు, జాషువాగారి పద్యమునందు వ్యాజ్యము కలదు. న్యాయమూర్తి వ్రాయవలసిన వాదపత్రమును కవి వ్రాసెను.

మూడవ యాక్షేపము సంఘమును గూర్చి. చెంచయ్యగారికి సంఘము క్రీస్తునకు అడ్డుగోడగా కనబడెను. నెల్లూరు న్యాయవాది కుమారునకు అట్లు కనబడవచ్చును. ఆయనకు బడి కలదు, గ్రంథము కలదు, సభలో పీట కలదు. పల్లెలోని కూలికి ఆ సంఘమే బడి, సంఘమే ఆసుపత్రి, తన పేరును గౌరవముతో పిలిచిన మొదటి సభ. అందు ఆంగ్లేయుల యాధిపత్యము, జీతగాండ్ర పక్షపాతము, కులభేదములు సైతము ప్రవేశించినమాట నిజము. ఐనను, ఇల్లున్నవాడు గోడలను నిందించుటకును, ఇల్లు లేనివాడు గోడలు కోరుటకును భేదము కలదు.

ఆయన పక్షమున చెప్పదగినది విడువరాదు. మతమనగా సంఖ్యలు పెంచు జట్టు కాకూడదని ఆయన భయపడిరి. 1930ల నాటి రాజకీయములలో ప్రతి మతమును జనసంఖ్యతో బేరమాడుచుండగా ఆ భయము నిర్హేతుకము కాదు. పిమ్మటి చరిత్రయు ఆయన భయమును కొంత సమర్థించినది. 1950 నాటి రాష్ట్రపతి యుత్తర్వు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకు పరిమితము చేసెను. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది విస్తరించినది, క్రైస్తవులకు విస్తరింపలేదు. తెలుగురాష్ట్రములలో క్రైస్తవులైన మాలమాదిగలు వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గముగా లెక్కింపబడుచున్నారు. ఎవడు ఎవనికి మ్రొక్కుచున్నాడో దానినిబట్టి వాని పేదఱికమును కొలుచుట, మతమును జట్టుగా మార్చుటయే కదా! చెంచయ్యగారు జీవించియుండిన, ఈ యుత్తర్వునుగూర్చి ఏమి వ్రాసియుందురో యని తలంపు కలుగును.

బాప్తిస్మము లేకయే క్రీస్తును సేవించిన హిందువులకు ఆయన తలుపు తెఱచి యుంచుటయు స్మరణీయము. తెలుగుదేశమున కలగర సుబ్బారావు (1912–1981) అను ఉపాధ్యాయుడు 1942లో తనకు క్రీస్తుదర్శనమైనదని చెప్పి, బాప్తిస్మమును, పాదిరుల యధికారమును నిరాకరించి, పాటలు కట్టి, తనను చేరవచ్చిన రోగులకొఱకు ప్రార్థించుచు జీవితము గడపెను. డేనిష్ పండితుడు కాయ్ బాగో 1968లో ఆ యుద్యమముపై ఒక పుస్తకము ప్రకటించెను. సంఘము వెలుపలనైనను క్రీస్తు పనిచేయగలడన్న చెంచయ్యగారి మాట కిది సాక్ష్యము. ఐతే సుబ్బారావుగారి చుట్టును జనము గుమిగూడిరి. వారి కొక కూటము, ఒక పాటల వరుస యేర్పడినవి. గోడలను వలదన్నను, మనుష్యులు కూడినచోట ఏదో యొక చావడి లేచుచునే యుండును.

చివరి యాక్షేపము భాషకు సంబంధించినది. చెంచయ్యగారి ముఖ్యరచన లన్నియు ఆంగ్లమున నున్నవి. క్రేమరునకు సమాధానము చెప్పుటకు ఆంగ్లము తప్పదు. కాని పేరయ్య మనుమలకు మాట చెప్పుటకు తెలుగు తప్పదు. మన క్రైస్తవులు దైవశాస్త్రమును ‘వేదాంతము’ అనియే వాడుదురు. ఆ యొక్క మాటలోనే చెంచయ్యగారి సమస్య యంతయు నిమిడియున్నది. తెలుగున వ్రాసియుండిన, ఆయన ఆ మాటను పరీక్షింపక తప్పకపోయెడిది; ఎవరి వేదాంతము, ఎవరి కంతము అని శ్రోత యడిగియుండెడివాడు. పరభాషలో వ్రాయువానిని పరులే ప్రశ్నింతురు, తనవారు ప్రశ్నింపరు. ఆయన గ్రంథమునకు ప్రత్యుత్తరములు విదేశములనుండి వచ్చినవి, పల్లెనుండి రాలేదు.

ఆయన మరణానంతరము డి.ఎ. తంగస్వామి 1966లో ఆయన వేదాంతమునుగూర్చి గ్రంథము కూర్చిరి. రాబిన్ బోయిడ్ 1969లో వెలువరించిన భారతీయ క్రైస్తవ వేదాంత పరిచయమున ఆయనకు గౌరవస్థానమిచ్చిరి. 1981లో బెంగుళూరున అర్వింద్ నిర్మల్ చేసిన ప్రసంగముతో దళితవేదాంత మను క్రొత్తశాఖ మొలకెత్తెను. అగ్రవర్ణమునుండి వచ్చిన క్రైస్తవుల తత్త్వచింతననే భారతీయ క్రైస్తవ వేదాంతమనుట చాలదని ఆ శాఖవారి వాదము. మనము పైన చేసిన రెండవ యాక్షేపము వారి మార్గమునకు చేరువైనది. ఐనను, వారిలో కొందఱవలె చెంచయ్యగారిని కేవలము పైకులపు తత్త్వవేత్తగా త్రోసివేయుట మాకు సమ్మతము కాదు. నూతనమానవుడు పుట్టవలయుననుట పీడితునకు అక్కఱలేని కోరిక కాదు. చెప్పులు కుట్టుచు ధ్యానించిన పేరయ్య కోరినది అదియే. లోపము ఆయన కోరికలో లేదు. ఆ కోరికకు ఆయన వెదకిన చోటనే కలదు.

మా నిర్ణయ మిది. క్రైస్తవమును తీర్పునుండి పుట్టుకవైపు త్రిప్పుట చెంచయ్యగారి ఘనత, అది నిలుచును. వారసత్వమును భాగము పంచకుండ పొగడుట ఆయన లోపము; దానిని మనము కప్పిపుచ్చరాదు. ఈ లోపము క్రైస్తవులది మాత్రమే కాదు. భారతీయ సంస్కృతి, భారతీయ సంప్రదాయము అని నిత్యము పలుకు మన సంస్కర్తలలో ఎందఱు ఆ పట్టికలో మైసమ్మను, రాజయోగమెఱిగిన మాదిగను, కీర్తన పాడు కూలితల్లిని చేర్చుచున్నారు? చెంచయ్యగారిని విమర్శించు చూపుడువ్రేలు మనవైపునకు తిరుగకమానదు.

తక్షణము కావలసిన పని యొకటి కలదు. చెంచయ్యగారి వ్యాసములలో ముఖ్యమైనవానిని ఏర్చి, మంచి తెలుగున ప్రకటింపవలయును. ఆ సంపుటమున పేరయ్య వృత్తాంతమును ప్రక్కననే అచ్చువేయవలయును. ఒకటి చదివి రెండవది చదివినవాడు, వానిని కలిపి మూడవది తానే వ్రాయగలడు. ఆ మూడవ పుస్తకము మెదకు త్రోవలోని యే బడిపిల్లవాడో, యే కూలియింటి యాడుబిడ్డయో వ్రాయుదురుగాక. అది వచ్చిననాడు, గండిమైసమ్మ కూడలి దాటి పండుగకు పోవు కుటుంబము, తాము విడిచిన దేమి, వెంట తీసికొనిపోవునది యేమి యని అడిగినవారికి సిగ్గుపడక, కోపింపక, తమ మాటలతో సమాధానము చెప్పగలదు.